బిగుసుకున్న సొరుగు

పోయిన వారం మనం ఆ ముగ్గురినీ ఆసుపత్రి వరండాలో ఇనప బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నారు. మధ్యలో అన్నయ్య, కుడిచేతిని పసిపిల్లను పడుకోబెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని. అటు పక్క వదిన, టీ ఫ్లాస్కు ఉన్న సంచి పట్టుకుని. ఇటు పక్క చిన్నమేస్త్రి, ఎవరి మొహమూ చూడలేక ఎదుటి గది తలుపుకేసి చూస్తూ. ఆ తలుపు కీలు వంకరగా బిగించారని ఆమెకు వచ్చిన నిమిషంలోనే తెలిసిపోయింది గానీ, చెప్పే మూడ్‌లో లేదు.

చిన్నమేస్త్రి అంటే అన్నయ్యకు ఒక్కగానొక్క చెల్లెలు. బీరువాలూ సొరుగుల బల్లలూ చేసే వాళ్ల వర్క్‌షాపులో అన్నతో సమానంగా చిత్రిక పట్టేది కాబట్టి, ఇప్పుడు లేని తండ్రి ముద్దుగా పెట్టిన పేరది. పేరు ముద్దుదే గానీ కోపం మాత్రం పెద్దమేస్త్రి కోపం. వచ్చిన చిక్కంతా ఆ కోపంతోనే.

చలికాలం మొదట్లో అన్నాచెల్లెళ్లు ఒక బల్ల కొలతల దగ్గర మాటా మాటా అనుకున్నారు. ఎవరి కొలత తప్పో ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. ఆ విసురులో ఆమె వ్యాను వెనక తలుపు ధడాలున వేసింది. అన్నయ్య చెయ్యి అక్కడే ఉంది. చూపుడు వేలూ మధ్యవేలూ వాచాయి, గోళ్లు నల్లబడి ఊడాయి, కొత్త గోళ్లు వచ్చాయి. అందరూ మరిచిపోయారు కూడా. అప్పుడు మొదలైంది అసలు బాధ. అదే చేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ ఉన్నట్టుండి తెల్లగా పాలిపోవడం, మంచుముక్కల్లా చల్లబడడం, తర్వాత భగ్గున మంట. చివరికి చిటికెన వేలి కొసన నల్లటి పుండు తేలింది. మొదట చూసిన డాక్టరు చేతికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. వ్యాను తలుపు కథ చెప్పారు. నేరం అక్కడికక్కడే రుజువైపోయింది. పుండు ఇలాగే ముదిరితే వేలు తీసేయాల్సి రావచ్చని, పక్క వేలికి కూడా పూచీ లేదని ఆ డాక్టరే అన్నాడు.

ఆ రోజు నుంచి వదిన ఆడపడుచుతో మాట్లాడడం మానేసింది. మానేసిందంటే, చెప్పాల్సినవన్నీ చెప్పేది. కాకపోతే మొగుడి మీదుగా చెప్పేది. ఇప్పుడు బెంచీ మీద కూడా అదే వరస. ఆవిడని తన చేతిసంచీ కాస్త అటు జరుపుకోమనండి, అంది భర్తతో. ఆయన తల తిప్పి చెల్లెలితో, సంచి జరుపుకోవే, అన్నాడు. చిన్నమేస్త్రి జరుపుకుంది. ముగ్గురి భుజాలూ ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి.

లోపలికి రమ్మని నర్సు పిలిచింది.

రక్తనాళాల డాక్టరమ్మ వయసులో వదిన కంటే చిన్నదే అయి ఉంటుంది. బల్ల మీద కాగితాలు లేవు, పూలకుండీ లేదు, ఒక దీపం మాత్రం ఉంది. అన్నయ్య చేతిని ఆ దీపం కింద పెట్టి, కట్టు విప్పి, పిడికిలి గట్టిగా బిగించమంది. మణికట్టుకు రెండు పక్కలా తన బొటనవేళ్లతో నొక్కిపట్టి, ఇప్పుడు తెరవండి అంది. రక్తం ఆడక అరచెయ్యంతా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. బొటనవేలి వైపు నొక్కు వదలగానే ఎర్రదనం బిలబిలా వచ్చేసింది. మళ్లీ మొదటి నుంచీ అలాగే చేసి ఈసారి చిటికెన వేలి వైపు వదిలింది. రంగు రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. వదిన ఫ్లాస్కు మూత బిగిస్తూనే ఉంది, అది ఎప్పుడో బిగుసుకుపోయినా.

తాను వేసిన తలుపు ఆ అరచేతిలో ఇంకా మూసుకునే ఉన్నట్టు తోచింది చిన్నమేస్త్రికి. ఈ వేలు పోతే అన్నయ్య ఉలి పట్టలేడు. అన్నయ్య ఉలి పట్టలేకపోతే ఆ వర్క్‌షాపులోకి తాను ఏ మొహం పెట్టుకుని అడుగు పెడుతుంది? అన్నయ్య తనను ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకుంది.

పొద్దున్న నరంలోకి మందు ఎక్కించి తీసిన స్కాన్ బొమ్మ గోడ మీది తెల్లటి వెలుగులో పెట్టింది డాక్టరమ్మ. నల్లటి నేల మీద తెల్లటి చెట్టువేర్ల మాదిరి రక్తనాళాలు. మూడు వేళ్లలోకి కొస దాకా పాకిన దారాలు, మిగతా రెండింటిలో సగంలోనే తెగిపోయాయి. ఆవిడ మాత్రం వేళ్ల వంక చూడడం లేదు. మణికట్టు దాటగానే, చిటికెన వేలికి తిన్నగా కింద, అరచేతి మడమలాంటి చోట ఒక నాళం మెలికలు తిరిగి ఉబ్బి ఉంది. ఆవిడ తన చూపుడు వేలు అక్కడే పెట్టి నిలబడింది.

తలుపు సందులో ఏ వేళ్లు పడ్డాయని అడిగింది. అన్నయ్య చూపించాడు. అవి బాగానే ఉన్నాయి కదా అంది. బాగానే ఉన్నాయన్నాడు. అరచేతి ఈ భాగం కూడా నలిగిందా అని అడిగింది. లేదన్నాడు. మరి ఈ చేత్తో దేన్నైనా కొట్టే అలవాటుందా, ఈ మడమ భాగంతో, అని అడిగింది.

"లేదు మేడమ్. మేం పనిముట్లతోనే కొడతాం. చేత్తో కొడితే ఏమొస్తుంది?"

ఇంతకుముందు నర్సు అడిగినప్పుడూ ఇదే జవాబు, స్కాన్ తీసినతను అడిగినప్పుడూ ఇదే. డాక్టరమ్మ పెదవి విరిచింది. దెబ్బ పడ్డది ఒక చోట, ఉబ్బింది ఇంకో చోట, రక్తం ఆగింది మరో చోట. కారణం తెలియకుండా చికిత్స మొదలుపెట్టడం తనకిష్టం లేదంది. పుండుని దగ్గరగా చూడాలని భూతద్దం కోసం బల్ల సొరుగు లాగింది. సొరుగు రాలేదు. నర్సు వచ్చి లాగింది. ఒక పక్క కాస్త బయటికొచ్చి ఒరుసుకుని ఆగిపోయింది. ఈ బల్ల వచ్చిన రోజు నుంచీ ఇంతేనని, ఎన్నిసార్లు చెప్పినా బాగుచెయ్యరని నర్సు గొణుక్కుంటూ ఇంకా గట్టిగా గుంజింది.

సొరుగును అలా గుంజుతుంటే వడ్రంగి చూస్తూ ఊరుకోలేడు, అది ప్రాణం మీదికొచ్చిన రోజైనా సరే. అన్నయ్య లేచాడు. మీరాగండమ్మా, అని నర్సును పక్కకు జరిపి, ఒంగి సొరుగు అంచు వెంబడి వేళ్లతో తడిమాడు. తర్వాత కుడి అరచెయ్యి ఎత్తి, దాని మడమతో, పైకి పొడుచుకొచ్చిన మూల మీద ఒక్కటిచ్చాడు. కాస్త పక్కకు జరిపి మరొకటి. ఆ రెండో దెబ్బకి మొహం నొప్పితో ముడుచుకుంది గానీ, సొరుగు వెన్న మీద జారినట్టు బయటికొచ్చింది. ఆయన చెల్లెలి వంక చూసి కళ్లతోనే నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్ని రోజులైందో.

గదిలో మాత్రం ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ భూతద్దం సంగతి మరిచిపోయి ఆయన చేతినే చూస్తోంది.

"ఇప్పుడేం చేశారు మీరు?" అని అడిగింది.

అన్నయ్య తెల్లబోయాడు. బల్ల పాడుచేశానని కోపం వచ్చిందేమో అనుకుని నీళ్లు నమిలాడు. ఏమీ చెయ్యలేదని, సొరుగు కాస్త సర్దానని, గీత కూడా పడలేదు చూసుకోమని చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన లెక్కలో అది నిజంగా ఏమీ చెయ్యకపోవడమే.

చిన్నమేస్త్రికి మాత్రం ఒక్కసారిగా అర్థమైంది.

"కొడతాం డాక్టరు గారూ," అంది. "పొద్దున లేస్తే అదే పని. పాలిష్ పట్టిన చెక్కకి సుత్తి తగలకూడదు మా దగ్గర. సొరుగులన్నీ అరచేత్తోనే కొట్టి కూర్చోబెడతాం. మాకది కొట్టడం అనిపించదు, అంతే."

అది వాళ్ల తండ్రి పెట్టిన నియమం. ఇనప సుత్తి సరే, కొయ్యసుత్తికి గుడ్డ చుట్టినా ఒప్పుకునేవాడు కాదు. పాలిష్ మీద నీడంత మచ్చ పడినా ఆ సొరుగును విప్పి మళ్లీ చేయించేవాడు. కొత్తగా పని నేర్పేటప్పుడు చిన్నమేస్త్రి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఇక్కడ కొట్టాలి, వేళ్లతో కాదు, ఈ మడమతో, అని తానే కొట్టించి చూపించాడు. అక్కడ చర్మం గట్టిపడ్డ రోజున ఇప్పుడు నువ్వు మేస్త్రివే అని వర్క్‌షాపంతా వినేలా చెప్పాడు. ఆ రోజంతా ఆమె అరచెయ్యి తడుముకుంటూ తిరిగింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అరచేతి మడమలో, చర్మానికి కొంచెం కిందే ఒక ఎముక కొక్కెంలా పొడుచుకుని ఉంటుందని, రక్తనాళం సరిగ్గా దాని మీదుగా పోతుందని చెప్పింది. అక్కడ కొట్టిన ప్రతిసారీ నాళం ఎముకకీ చెక్కకీ మధ్య నలుగుతుంది. ఒక దెబ్బకి ఏమీ కాదు. ఏళ్ల తరబడి నలిగితే గోడ దెబ్బతిని ఉబ్బుతుంది, లోపల రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డల నలుసులు కొట్టుకుపోయి చివరి వేళ్లలో అడ్డం పడతాయి. చేతిని సుత్తిలా వాడేవాళ్లకి వచ్చే జబ్బే ఇది, మీరొక్కరే కాదు, అంది.

"అయితే ఆ వ్యాను తలుపు?" అని అడిగింది వదిన. లోపలికొచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"తలుపుకీ దీనికీ సంబంధం లేదమ్మా. తలుపులో పడ్డ వేళ్లు ఎప్పుడో మానాయి. ఇది అంతకుముందు నుంచీ లోపల జరుగుతున్నదే."

చిన్నమేస్త్రి గోడకి ఆనుకుంది. చలికాలం నుంచీ గుండె మీద కూర్చున్న బండ ఎవరో లేపి అవతల పెట్టినట్టయింది. ఏడుపొచ్చింది. అందరి ముందూ, దాచుకోకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. అన్నయ్య ఎడమచేత్తో ఆమె నెత్తి మీద ఒక మొట్టికాయ వేశాడు, చిన్నప్పుడు వేసినట్టే.

డాక్టరమ్మ మిగతాది కూడా చెప్పింది. రెండు వేళ్లూ నిలుస్తాయి. పుండు కొస దాటలేదు. రక్తం గడ్డకట్టకుండా ఈ రోజే మందు ఎక్కించడం మొదలుపెడతారు. చెయ్యి వెచ్చగా ఉంచుకోవాలి. కొన్నాళ్లు చూసి, అవసరమైతే ఆ ఉబ్బిన ముక్క తీసేసి కాలి నరం ముక్కతో అతుకు వేస్తారు. అతుకు అనే మాట వినగానే అన్నయ్య మొహం వెలిగింది. అతుకు సరిగ్గా పడితే అసలు కంటే గట్టిగా ఉంటుంది మేడమ్, అన్నాడు. అది మీ చెక్కకి, నాళానికి కాదు, అని ఆవిడ కూడా నవ్వింది. అయితే ఒక షరతు. ఈ చెయ్యి ఇక దేన్నీ కొట్టకూడదు. ఈ గదిలో సొరుగుల్ని కూడా.

తర్వాత చిన్నమేస్త్రిని చెయ్యి పెట్టమంది. పిడికిలి, నొక్కు, తెరవడం, వదలడం. ఈసారి వదిన బల్ల మీదికి ఒంగి మరీ చూసింది. రెండు వైపులా రంగు చకచకా వచ్చేసింది. మీది బాగుంది, ఇప్పటికి, అంది డాక్టరమ్మ. ఇప్పటికి అన్న మాట దగ్గర కాస్త ఆగి, వెళ్లగానే ఒక రబ్బరు సుత్తి కొనుక్కోమంది. మీ దగ్గర ఇలా పనిచేసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా, ఉంటే వాళ్లనీ పంపించండి, అని అడిగింది.

అన్నాచెల్లెళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు.

అన్నయ్యని లోపల మంచం మీద పడుకోబెట్టి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆడవాళ్లిద్దరూ వరండాలోకి వచ్చారు. వదిన ఫ్లాస్కు బెంచీ మీద పెట్టి, మొహం కడుక్కురా, టీ తాగుదువుగాని, అంది. చిన్నమేస్త్రి ఎవరితో అంటోందా అని వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"నీతోనే," అంది వదిన. "నాకు భయమేసిందే. ఎవర్నో ఒకర్ని తిట్టుకోకపోతే పిచ్చెక్కిపోయేదాన్ని. ఆయన్ని తిడదామంటే చెయ్యి బాలేదు. ఇక మిగిలింది నువ్వే కదా."

క్షమాపణలో సగం కూడా కాదిది. అయినా చిన్నమేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ ఒకే మూతలో టీ పోసుకుని వంతులేసుకుని తాగారు. చక్కెర తక్కువైందని చిన్నమేస్త్రి అంది, ఇంతకాలం నా చేతి టీ తాగలేదు కదా రుచి మరిచిపోయావు అని వదిన అంది. లోకం మళ్లీ గాడిలో పడ్డట్టే.

టీ అయిపోయాక వదినే అంది, ఇక్కడ నేనుంటాను, నువ్వు వెళ్లి బాబాయిని చూసిరా, అని.

బాబాయి అంటే తండ్రికి తమ్ముడు. ఒకప్పుడు ఆ వర్క్‌షాపులో ఆయనే సొరుగుల మేస్త్రి. ఉన్నట్టుండి వేళ్లు చల్లబడుతున్నాయని, చెయ్యి మొద్దుబారుతోందని అనడం మొదలుపెట్టాడు. పని ఎగ్గొట్టడానికి వంకలు వెతుకుతున్నాడని తండ్రి నలుగురి ముందూ అని, ఆయన్ని బయటికి పంపించేశాడు. పేరు కూడా అప్పుడే పడింది, వంకల బాబాయి అని. పిల్లలు స్కూలుకి వెళ్లనని మొరాయిస్తే, వేళ్లు చల్లబడ్డాయా అని ఇంట్లో అందరూ నవ్వేవారు. చిన్నమేస్త్రి కూడా నవ్వింది, ఎన్నోసార్లు. తండ్రి పోయినప్పుడు ఆయన వచ్చి గేటు దగ్గరే నిలబడి వెళ్లిపోయాడు.

బస్టాండు వెనక సందులో కళ్లద్దాలు బాగుచేసే కొట్టు ఆయనది. దారి పొడుగునా ఆమెకు ఒకటే దిగులు, మందూ మాకూ లేకుండా వదిలేసిన ఆ చెయ్యి ఇప్పుడు ఎలా ఉందోనని. కొట్టు ముందు నిలబడి, మొహం కంటే ముందు చెయ్యే చూసింది. ఐదు వేళ్లూ ఉన్నాయి. ఆ వేళ్ల మధ్య అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు తిరుగుతోంది, వణుకు కూడా లేకుండా. ఆమె ఊపిరి పీల్చుకుంది. అన్నయ్య చెయ్యి కూడా ఏదో ఒక రోజుకి ఇలాగే ఉంటుంది.

బాబాయి తలెత్తి చూసి, చిన్నమేస్త్రీ, అన్నాడు, నిన్న మొన్న చూసినట్టు. లోపలికి రమ్మని స్టూలు చూపించాడు. ఆమె కూర్చోకుండానే గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. అన్నయ్య వేళ్లు, స్కాను, సొరుగు, డాక్టరమ్మ మాటలు. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు. రెండు వేళ్లూ నిలుస్తాయని చెప్పినప్పుడు మాత్రం కళ్లు మూసుకుని, బతికించాడు దేవుడు, అన్నాడు. తర్వాత తన అరచెయ్యి తిప్పి చూపించాడు. మడమ దగ్గర చిటికెన వేలి కింద సన్నటి తెల్లటి గీత, ఎప్పుడో కుట్లు వేసి మానింది.

"మేమందరం నువ్వు నాటకాలాడుతున్నావనుకున్నాం బాబాయ్," అంది ఆమె. "నేను కూడా నవ్వాను."

పిల్లలు నవ్వక ఏం చేస్తారమ్మా, అని ఆయన తేలిగ్గా తీసేశాడు. ఆ మాటలో కోపం ఎంత వెతికినా దొరకలేదు. ఆమెకు మనసు కుదుటపడింది. ఇక ఒక్కటే మిగిలింది, పోయినవాడి తరఫున చెప్పాల్సిన మాట. అది కూడా చెప్పేస్తే ఈ రోజుకి బరువులన్నీ దిగిపోతాయనుకుంది.

"నాన్నకి ఈ జబ్బు సంగతి తెలియదు బాబాయ్. తెలిసుంటే నిన్ను అలా పంపించేవాడు కాదు."

బాబాయి చేతిలోని కళ్లద్దాలు గుడ్డ మీద మెల్లగా పెట్టాడు. చాలాసేపు ఆమె కుడి అరచేతి వంకే చూశాడు, గట్టిపడ్డ ఆ చోటు వంక.

"ఆపరేషన్ రోజు నా మంచం పక్కన కూర్చుంది మీ నాన్నేనమ్మా," అన్నాడు. "డాక్టరు చెప్పిందంతా నాకంటే ముందు ఆయనే విన్నాడు. అప్పటికి మీ ఇద్దరికీ ఇంకా పని నేర్పలేదు."